మరియమాత కాలికింద పాము, సిలువ మీద పాము: ఏది సాతాను?

మీ ప్రశ్నను ముందు ఒకసారి మళ్లీ చెప్పుకుంటాను, చదివేవాళ్లకు వీలుగా ఉంటుంది. మీ వీధి చివరి చర్చిలో మరియమాత స్వరూపం పాదం కింద ఒక పాము నలుగుతోంది. జోర్డాన్ వెళ్లొచ్చిన మీ పెద్దమ్మగారు పంపిన ఫోటోలోనేమో, ఒక కొండ మీద సిలువకే పాము చుట్టుకుని ఉంది. జనం దాని ముందు నిలబడి భక్తిగా ఫోటోలు దిగుతున్నారు. "ఒకచోట తొక్కుతారు, ఇంకోచోట ఎత్తిపెడతారు. క్రైస్తవ చిత్రకళలో పాము సాతానా కాదా? నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు బుర్ర తిరుగుతోంది" అన్నారు.

ఇరవై ఏళ్లకు పైగా కళాచరిత్ర పాఠాలు చెబుతున్నాను. ఈ ప్రశ్న దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. నేను చదువుకునే రోజుల్లో పరీక్షలో "సర్పము అనగా సాతాను" అని దర్జాగా రాసేశాను. మాస్టారు దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన రెండే మాటలు రాశారు: "ఏ సర్పము?" అప్పుడు ఉడుక్కున్నాను కానీ, ఇప్పుడు మీకూ నేను చెప్పేది అదే. పాము అంటే ఏమిటని అడక్కండి, ఆ బొమ్మలో పాము ఎక్కడుందో చూడండి. చెట్టుకు చుట్టుకుందా, కాలికింద ఉందా, స్తంభం మీద ఉందా, గిన్నెలో ఉందా, ఎవరి చేతిలోనైనా ఉందా? చోటు మారితే అర్థం మారిపోతుంది.

చెట్టు దగ్గర మొదలుపెడదాం, కథ అక్కడే మొదలైంది కాబట్టి. ఆదికాండము 3వ అధ్యాయంలో, దేవుడు వద్దన్న పండు తినమని హవ్వతో మాట్లాడింది పామే. అది సాతాను అని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. "సమస్త భూజంతువులలో సర్పము యుక్తిగలదై యుండెను" అని మాత్రమే ఉంది. ఆ ముడి వేసింది బైబిల్ చివరి పుస్తకం. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో అపవాది, సాతాను, ఆదిసర్పం అన్నీ ఒకటేనని తేల్చేశారు. ఇంగ్లీషులో డ్రాగన్ అన్నచోట మన తెలుగు బైబిల్ "మహాఘటసర్పము" అంటుంది. నాకు ఈ అనువాదం చాలా ఇష్టం. డ్రాగన్ అనగానే మనకు రెక్కలు, నోట్లో మంటలు ఉన్న సినిమా జంతువు గుర్తొస్తుంది. కానీ లాటిన్‌లో డ్రాకో అంటే మొదట పెద్ద పామే. అందుకే పునీత జార్జి గుర్రమెక్కి బల్లెంతో పొడిచే జంతువు కొన్ని పాత బొమ్మల్లో అచ్చం పాములా, కొన్నిట్లో మొసలిలా, కొన్నిట్లో రెక్కల బల్లిలా ఉంటుంది. అవన్నీ ఒకే కుటుంబం. కేరళలో ఆ జార్జినే పాము కాటు నుంచి కాపాడేవాడిగా కొలవడం కూడా ఇక్కడి నుంచే వచ్చింది.

తొలి క్రైస్తవులు ఈ ఘట్టాన్ని చాలా పొదుపుగా చెక్కారు. రోమ్‌లో 359లో చనిపోయిన అధికారి జూనియస్ బస్సస్ రాతి శవపేటిక మీద ఒక చెట్టు, అటు ఆదాము, ఇటు హవ్వ, కాండానికి ఒక మామూలు పాము. అంతే. తర్వాతివాళ్లకు మాత్రం చిక్కు ప్రశ్నలు వచ్చాయి. ఆ పాము మాట్లాడింది కదా, మరి నోరెలా ఉండాలి? "నీ కడుపుతో ప్రాకుము" అని దేవుడు శపించింది పండు తిన్న తర్వాత. అంటే అంతకుముందు దానికి కాళ్లు ఉండి ఉండాలి కదా?

నవ్వకండి. వీటిని చిత్రకారులు నిజంగానే పట్టించుకున్నారు. వియన్నా మ్యూజియంలో హ్యూగో వాన్ డెర్ గూస్ 1470ల్లో వేసిన చిన్న చిత్రం ఒకటి ఉంది. అందులో చెట్టు పక్కన పాము నిలబడి ఉంటుంది. ఉడుము లాంటి ఒళ్లు, నాలుగు కాళ్లు, చక్కగా జడలు వేసుకున్న అమ్మాయి ముఖం. శాపం ఇంకా పడలేదు కాబట్టి పాకడం ఇంకా మొదలుకాలేదు. లేఖనాన్ని ఇంత పట్టుదలగా అక్షరమక్షరం చదివిన బొమ్మ నేను ఇంకోటి చూడలేదు.

మరి ఆ ఆడముఖం ఎక్కడిది? బైబిల్లో లేదు. 12వ శతాబ్దంలో పారిస్‌లో పీటర్ కొమెస్టర్ అనే పండితుడు, పాముకు కన్యముఖం ఉండేదని, ఒకే పోలిక ఉన్నవి ఒకదాన్నొకటి మెచ్చుకుంటాయని రాశాడు. పాత ఇంగ్లీషు పండితుడు బీడ్ ఈ మాట అన్నాడని కూడా చెప్పాడు కానీ, బీడ్ రచనల్లో అది దొరకదు. మూలం ఎంత బలహీనమో చూడండి. అయినా ఆ మాట శిల్పులకూ చిత్రకారులకూ తెగ నచ్చింది. పారిస్ నోత్రదామ్ ముఖద్వారంలో మరియమాత నిలబడిన స్తంభం కింద ఆడతల పాము ఉంది. ఫ్లోరెన్స్ బ్రాంకాచి చాపెల్‌లో మసోలినో 1420ల్లో వేసిన పాముకు బంగారు జుట్టు, హవ్వను పోలిన ముఖం ఉన్నాయి. మైకెలాంజెలో సిస్టీన్ చాపెల్ కప్పు మీద (1508–1512) కండలు తిరిగిన ఆడమనిషి నడుం దాకా ఉండి, అక్కడి నుంచి కింద పాము అవుతుంది.

ఇందులో అందం ఉంది, కాదనను. కానీ నా ఉద్దేశంలో ఇది నేరాన్ని మెల్లగా ఆడవాళ్ల మీదికి నెట్టడమే. మోసపోయిందీ ఆడదే, మోసం చేసిందీ ఆడదే అయితే ఆదాము హాయిగా పక్కకు తప్పుకుంటాడు. ఆ విషయంలో మైకెలాంజెలో కొంత నయం. ఆయన బొమ్మలో హవ్వ పాము చేతి నుంచి పండు అందుకుంటుంటే, ఆదాము ఎవరూ ఇవ్వకుండానే తనంతట తాను కొమ్మ వైపు చెయ్యి చాస్తున్నాడు. ఇంకో మాట, ఆ చెట్టు యాపిల్ కాదు, అంజూరం. బైబిల్లో పండు అనే ఉంది, ఏ పండో చెప్పలేదు.

ఈ నేరం నెట్టడాన్ని అందరికంటే బాగా పట్టుకున్నది జర్మనీలో హిల్డెస్‌హైమ్ చర్చి కంచు తలుపులు. 1015లో బిషప్ బెర్న్‌వార్డ్ పోయించినవి, దాదాపు 5 మీటర్ల ఎత్తు. ఒక్కో రెక్కను ఒకే పోతగా పోశారు. అందులో ఒక పలకలో దేవుడు వంగి ఆదాము వైపు వేలు చూపిస్తాడు. ఆదాము ఒళ్లు దాచుకుంటూ హవ్వ వైపు చూపిస్తాడు. హవ్వ ఇంకా వంగి కిందికి పాము వైపు చూపిస్తుంది. పాము ఎవరినీ చూపించలేదు, దానికి వేళ్లు లేవు కదా. ఆఫీసులో ఫైలు పోయినప్పుడు జరిగే వ్యవహారం వెయ్యేళ్ల కిందటే కంచులో పోసి పెట్టారని క్లాసులో చెబితే పిల్లలు పడి పడి నవ్వుతారు.

ఇప్పుడు మీ వీధి చర్చి స్వరూపానికి వద్దాం. కాలికింద పాము.

దీని మూలం కూడా ఆదికాండము 3వ అధ్యాయమే, 15వ వచనం. పాముకూ స్త్రీకీ, పాము సంతానానికీ స్త్రీ సంతానానికీ వైరం పెడతానని దేవుడు అన్నాక వచ్చే మాట. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పాత తెలుగు బైబిల్ తీసి చూడండి: "అది నిన్ను తలమీద కొట్టును, నీవు దానిని మడిమె మీద కొట్టుదువు." ఈ "అది" ఎవరు? తెలుగులో "అది" అంటే వస్తువైనా కావచ్చు, జంతువైనా కావచ్చు, మర్యాద వదిలేసి మాట్లాడితే ఆడమనిషైనా కావచ్చు. ఇక్కడ సంతానం అనే అర్థంలో వాడారు. హీబ్రూ మూలంలో ఆ మాట పుంలింగం, సంతానం అనే మాట అక్కడ పుంలింగమే కాబట్టి. గ్రీకు అనువాదంలోనూ "అతడు" అనే వేశారు. కానీ పశ్చిమ యూరప్ అంతా వెయ్యేళ్లు చదివిన లాటిన్ బైబిల్లో "ఇప్సా", అంటే "ఆమె" అని ఉంది. ఆమె నీ తల చితక్కొడుతుంది. ఒక్క సర్వనామం మారేసరికి పాము తల మీద ఎవరి పాదం పడాలో మారిపోయింది. "ఆమె" అంటే మరియ అని చదువుకున్నారు, శిల్పులు ఆమె పాదం కింద పామును పెట్టారు. 1979లో కతోలిక సంఘమే సవరించిన లాటిన్ బైబిల్ తెచ్చి అక్కడ నపుంసకలింగం వేసింది. అంటే మన పాత తెలుగు అనువాదంలోని "అది" దగ్గరికే వచ్చారన్నమాట. అప్పటికే లక్షల స్వరూపాలు తయారై గుళ్లలో నిలబడి ఉన్నాయి, వాటిని ఎవరు సవరిస్తారు.

తొక్కేది తల్లా, కొడుకా అనే ఈ పేచీని ఇటలీ చిత్రకారుడు కరవజ్జో ఒక బొమ్మలో పెట్టాడు. రోమ్‌లోని బోర్గీజ్ గ్యాలరీలో ఉంది, 1605–06లో వేసింది. మరియమ్మ కొంగు కాస్త పైకి దోపుకుని ఒక పాదం పాము మీద పెట్టింది. ఆ పాదం మీద బాల యేసు తన బుల్లి పాదం పెట్టాడు. బరువు ఇద్దరిదీ. పక్కన ముసలి అన్నమ్మ, మరియ తల్లి, చేతులు కట్టుకుని చూస్తోంది. పాము మాత్రం నిజం పాము, మెలికలు తిరిగిపోతూ ఉంటుంది. పొలంగట్టు మీద పామును చూసిన తల్లి బిడ్డకు భయం పోగొట్టడానికి ఎలా చేయిస్తుందో అలా ఉంటుంది ఆ దృశ్యం. సెయింట్ పీటర్స్‌లో ఒక బలిపీఠం కోసం వేయించారు. కొన్ని రోజులే అక్కడ ఉంచి తీసేశారు. ఎందుకో ఇప్పటికీ వాదనలు ఉన్నాయి. బట్టలు మరీ పల్లెటూరి ఆడవాళ్లలా ఉన్నాయనా, బాలుడు మరీ పెద్దవాడై దిగంబరంగా ఉన్నాడనా? ఏమైతేనేం, కార్డినల్ షిపియోనె బోర్గీజ్ దాన్ని కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నాడు.

అందరికీ ఆ పాము నచ్చలేదు. స్పెయిన్‌లో ఫ్రాన్సిస్కో పచేకో అనే ఆయన, పేరున్న చిత్రకారుడు వెలాస్కెజ్‌కు గురువూ పిల్లనిచ్చిన మామా కూడా, నిష్కళంక మాతను, అంటే జన్మపాపం అంటని మరియను, ఎలా వేయాలో వివరంగా నియమాలు రాశాడు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలా ఉండాలి, తెల్ల గౌను, నీలి పైబట్ట, తలచుట్టూ పన్నెండు నక్షత్రాలు, కాళ్లకింద చంద్రుడు. ఆ నక్షత్రాలు, చంద్రుడు ప్రకటన గ్రంథం 12వ అధ్యాయం నుంచి వచ్చినవే. పాము దగ్గరికొచ్చేసరికి, వీలైతే దాన్ని వదిలేస్తాను, బొమ్మ పాడవుతుంది అన్న ధోరణిలో రాశాడు. అల్లుడు కుర్రతనంలో వేసిన నిష్కళంక మాత లండన్‌లో ఉంది, అందులో పాము లేదు. మామ మాట విన్నాడన్నమాట. 1760ల చివర్లో తియెపోలో వేసిన దాంట్లో మాత్రం పాము మళ్లీ వచ్చింది, నోట్లో పండు కరుచుకుని మరీ.

మన ఊళ్లలో కనిపించే పాముతో ఉన్న స్వరూపాలకు ఎక్కువగా దారి చూపింది పెయింటింగులు కాదు, ఒక చిన్న పతకం. 1830లో పారిస్‌లో కాథరిన్ లబూరే అనే సిస్టర్‌కు కలిగిన దర్శనం ప్రకారం 1832 నుంచి పతకాలు అచ్చువేశారు. మరియమాత భూగోళం మీద నిలబడి, చేతుల నుంచి కిరణాలు, పాదం కింద పాము. మెడలో వేసుకునే వస్తువు కాబట్టి ప్రపంచమంతా తిరిగింది. అచ్చులు పోసి స్వరూపాలు తయారుచేసేవాళ్లకు అదే నమూనా అయింది. 1854లో పోపు తొమ్మిదో పయస్ నిష్కళంకోద్భవాన్ని, అంటే మరియ జన్మపాపం లేకుండా గర్భంలో పడిందన్న మాటను, విశ్వాస సత్యంగా ప్రకటించాక ఆ రూపం ఇంకా పెరిగింది.

ఇక్కడ ఒక సంగతి మనవాళ్లు గమనించరు. విజయవాడ గుణదల కొండ మీద ఉన్నది లూర్దు మాత. 1858లో ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్ చెప్పిన వర్ణన ప్రకారం తెల్ల దుస్తులు, నీలం నడికట్టు, జపమాల, ఒక్కో పాదం మీద పసుపు గులాబీ. ఆ రూపంలో పాము లేదు. పాము ఉంటే పతకపు మాత, పాదాల మీద గులాబీలుంటే లూర్దు మాత. ఈసారి ఫిబ్రవరి తిరునాళ్లకు వెళ్తే చూడండి.

ఇంకో పోలిక మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. కాళీయుడి పడగల మీద చిన్ని కృష్ణుడు. చూడ్డానికి రెండూ ఒకటే, పాము తల మీద పాదం. కానీ కథలు విడిపోతాయి. కాళీయుడు శరణు వేడితే కృష్ణుడు వదిలేసి సముద్రానికి పంపేశాడు. పైగా పడగ మీది పాదముద్రే వాడికి గరుత్మంతుడి నుంచి రక్ష. మరియమాత కాలికింది పాముకు అలాంటి బేరం లేదు. అది ఒక జంతువు కాదు, చెడుకు పెట్టిన రూపం. కాబట్టి మీ ఇంట్లో పాలు పోసే నాగేంద్రుడినీ ఈ పామునూ ఒకే తక్కెడలో వేసి కంగారు పడాల్సిన పని లేదు.

ఇక మీ పెద్దమ్మగారి ఫోటో. అది జోర్డాన్‌లోని నెబో కొండ. వాగ్దాన దేశాన్ని దూరం నుంచి చూసి మోషే చనిపోయిన చోటని చెప్పేది. ఆ సిలువ ఇటలీ శిల్పి జొవాన్ని ఫాంటోని చేసింది. ఇది వేరే పాము, వేరే కథ. సంఖ్యాకాండము 21వ అధ్యాయం. అరణ్యంలో నడిచీ నడిచీ విసిగిపోయిన ఇశ్రాయేలీయులు దేవుణ్ణీ మోషేనూ తిట్టుకుంటారు. "తాపకరములైన సర్పములు" వచ్చి కరుస్తాయి. జనం ఏడిస్తే, ఇత్తడితో ఒక పాము చేసి స్తంభం మీద పెట్టమని మోషేకు ఆజ్ఞ. కాటు పడినవాడు దాన్ని చూస్తే బతుకుతాడు. ముల్లును ముల్లుతోనే తీయడం. హీబ్రూలో పాముకూ ఆ లోహానికీ ఉన్న మాటలు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి: నాహాష్, నెహోషెత్.

యోహాను సువార్త 3వ అధ్యాయంలో యేసు తనను తాను పోల్చుకున్నది ఈ పాముతోనే. అరణ్యంలో మోషే సర్పాన్ని ఎలా ఎత్తాడో మనుష్యకుమారుడూ అలాగే ఎత్తబడాలి అన్నాడు. అందరికీ తెలిసిన "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" వచనానికి రెండు వచనాల ముందే ఉంది ఇది. ఆదివారం బడిలో ఆ వచనం నేర్పిస్తారు కానీ, దీన్ని దాటేస్తారు. మ్రాను మీద వేలాడినవాడు శాపగ్రస్తుడు అనే బైబిల్ మాట కూడా పక్కన పెట్టి చదివితే లోపలి లెక్క తెలుస్తుంది. శపించబడ్డ జంతువు బొమ్మను పైకెత్తితే విషం విరిగింది. శాపాన్ని మీదేసుకున్నవాణ్ణి పైకెత్తితే పాపం విరుగుతుందని వాళ్ల నమ్మకం. నెబో మీద ఫాంటోని ఆ రెండు బొమ్మల్నీ కలిపేశాడు. అందుకే స్తంభమే సిలువలా, సిలువే పాములా కనిపిస్తుంది.

ఈ పాముకు విషాదమైన తర్వాతి కథ కూడా ఉంది, నాకు అన్నిటికంటే ఆసక్తి అదే. మోషే చేసిన ఆ పాముకే జనం తర్వాత ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. ఆ పాముకు నెహుష్టాను అనే పేరు అక్కడిదే, రెండవ రాజులు 18లో ఉంది. అంటే దేవుడు చెప్పి చేయించిన బొమ్మనే భక్తుడైన రాజు పగలగొట్టించాడు. 16వ శతాబ్దంలో యూరప్‌లో ప్రొటెస్టెంట్లు చర్చిల్లో బొమ్మలు పగలగొట్టినప్పుడు ఈ హిజ్కియానే సాక్ష్యంగా తెచ్చుకున్నారు. అదే సమయంలో, ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ పక్షానే ఉన్న చిత్రకారుడు క్రానఖ్ "ధర్మశాస్త్రం, సువార్త" అనే చిత్రాల్లో స్తంభం మీది ఇత్తడి పామును వెనకాల వేస్తూ పోయాడు. ఆయన మొదలుపెడితే కొడుకు 1555లో పూర్తిచేసిన వైమర్ చర్చి చిత్రంలోనూ అది ఉంది. పగలగొట్టడానికీ ఆ పామే సాక్ష్యం, వేయడానికీ ఆ పామే సాక్ష్యం.

కతోలికుల వైపు ఇత్తడి పాము ఎక్కువగా రోగాల కాలంలో కనిపిస్తుంది. వెనిస్‌లో 1575లో ప్లేగు మొదలైంది. ప్లేగు నుంచి కాపాడే పునీతుడు రోక్ పేరు మీదున్న సంఘ భవనం, స్కువోలా గ్రాండె ది సాన్ రోకో, పై హాలు కప్పుకు తింతొరెత్తో అప్పుడే పెద్ద ఇత్తడి సర్పం చిత్రం వేశాడు. కింద నిలబడి తలెత్తి చూడాలి. ఒకరి మీద ఒకరు పడిపోయిన శరీరాలు, ఎక్కడో పైన చిన్నగా మోషే, ఆ పాము. ఊరంతా శవాలు లేస్తున్నప్పుడు ఆ హాల్లోకి వచ్చినవాళ్లకు దాని అర్థం ఎవరూ విడమర్చి చెప్పి ఉండరు. సిస్టీన్ కప్పు మూలల్లో ఒకదాంట్లో మైకెలాంజెలో కూడా ఇదే వేశాడు. అంటే ఒకే గది కప్పు మీద ముంచిన పాము ఒకటి, బతికించిన పాము ఒకటి ఉన్నాయి. మీ సందేహమంతా ఆ ఒక్క గదిలో ఉంది.

మిలాన్‌లో సాంత్ అంబ్రోజో గుడి లోపల ఒక స్తంభం మీద నిజంగానే కంచు పాము ఉంది. 11వ శతాబ్దం మొదట్లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి తెచ్చారని చెబుతారు. అది మోషే చేసిన పామేనని, లోకాంతమప్పుడు స్తంభం దిగిపోతుందని జనం నమ్మకం. హిజ్కియా ముక్కలు చేశాడు కదా అని అడక్కండి, ఊరి నమ్మకాలకు అలాంటి అడ్డంకులుండవు.

సిలువ విషయంలో ఇంకో తేడా చూడండి. పాము సిలువ మీద ఉంటే మోషే పాము. సిలువ మొదట్లో చుట్టుకుని ఉంటే ఏదెను తోటలో హవ్వను మోసం చేసిన పాము, ఓడిపోయింది. 9వ శతాబ్దపు ఫ్రాంకుల దంతపు పలకల మీద ఇది స్పష్టంగా ఉంటుంది. మ్యూనిక్‌లో ఉన్న, చక్రవర్తి రెండో హెన్రీ సువార్త పఠన గ్రంథం అట్ట మీది దంతపు పలక వాటిలో గొప్పది, అక్కడ పాము కొయ్య కింద చుట్ట చుట్టుకుంది. అదే కొయ్య, నాలుగు అడుగుల తేడా, అర్థం తలకిందులు.

గిన్నెలో పాము ఉంటే అది విషం. పునీత యోహానుకు విషపు పానీయం ఇస్తే ఆశీర్వదించి తాగేశాడని, ఏమీ కాలేదని పాత కథ. విషం బొమ్మలో కనబడదు కాబట్టి గిన్నెలోంచి బుల్లి పాము తొంగి చూస్తున్నట్టు వేస్తారు. ఎల్ గ్రెకో వేసిన యోహాను చేతిలో అది రెక్కల ఘటసర్పమైంది. మెమ్లింగ్ వేసిన ఒక చిన్న పలక వెనకవైపు యోహాను కూడా ఉండడు, గూట్లో గిన్నె, అందులో పాము, అంతే.

చేతికి వేలాడే పాము పౌలుది. ఓడ పగిలి మెలితే దీవికి, అంటే మాల్టాకు, కొట్టుకొచ్చి పుల్లలు మంటలో వేస్తుంటే సర్పం చెయ్యి పట్టుకుంది, దులిపేశాడు (అపొస్తలుల కార్యములు 28). కాంటర్‌బరీ కేథడ్రల్లో 12వ శతాబ్దపు గోడచిత్రం ఒకటి ఉంది, నీలం నేపథ్యంలో పౌలు ఒంటరిగా వంగి, చేతికి పాము. మాల్టాలో దొరికే సొరచేప పళ్ల శిలాజాలను పాము నాలుకలని పిలిచి, విషానికి విరుగుడని యూరప్ అంతా కొనుక్కున్నారు.

అన్నిటికంటే నన్ను ఆపేసిన పాము మాత్రం పాడువాలో ఉంది. స్క్రొవెన్యి చాపెల్‌లో జొత్తొ 1305 ప్రాంతంలో గోడ కింది వరసలో సద్గుణాలనూ దుర్గుణాలనూ వేశాడు. లోపల పదిహేను నిమిషాలే ఉండనిస్తారు. అందరూ పైన యేసు కథ చూస్తుంటే నేను కింద అసూయ దగ్గరే ఆగిపోయాను. ముసలామె, పెద్ద చెవులు, ఒక చేతిలో డబ్బు సంచి, ఇంకో చెయ్యి ఇంకా ఏదో అందుకోవాలని చాచింది. కాళ్ల దగ్గర మంటలు. నోట్లోంచి నాలుకకు బదులు పాము బయటికొచ్చి, వెనక్కి తిరిగి ఆమె కళ్లనే కాటేస్తోంది. లాటిన్‌లో అసూయ అనే మాటలో చూపు అనే ధాతువు ఉంది, అందుకే కళ్లు. మనం కళ్లల్లో నిప్పులు పోసుకోవడం అంటాం. జొత్తొకు తెలుగు రాదు కానీ, నిప్పులూ కళ్లూ రెండూ పెట్టాడు.

అదే పాము ఇటలీలోనే మంచి గుణం కూడా. "పాములవలె వివేకులు" అని మత్తయి 10లో ఉంది కదా, దాని ప్రకారం వివేకం అనే స్త్రీమూర్తి ఒక చేత్తో అద్దం, ఇంకో చేత్తో పాము పట్టుకుంటుంది. ఫ్లోరెన్స్ ఉఫిజిలో పొల్లయువొలో 1470లో వేసిన బొమ్మ చూడండి. ఆర్థడాక్స్ బిషప్పుల దండం పైన రెండు పాములు ఎదురెదురుగా, మధ్యలో సిలువ ఉండడం కూడా ఈ వరసలోదే. గురువుల చేతికర్ర మీద పాము చూసి ఎవరో వాట్సాప్‌లో "సాతాను చిహ్నం" అని పంపితే టెన్షన్ పడకండి.

చివరిగా ఇథియోపియా. అక్కడ దెబ్రె దామో అనే నిట్టనిలువు కొండ మీద పాత మఠం ఉంది. ఇప్పటికీ మగవాళ్లు మాత్రమే, అదీ తాడు పట్టుకుని ఎక్కాలి. 6వ శతాబ్దంలో అబునా అరగావి అనే సన్యాసిని ఒక పెద్ద పాము చుట్టుకుని పైకి చేర్చిందని, అది కరవకుండా గబ్రియేలు దూత కత్తి పట్టుకుని కాపలా ఉన్నాడని కథ. అక్కడి చిత్రాల్లో ఆ పాము సాతానూ కాదు, మోషే పామూ కాదు. అది తాడు. నాగేంద్రుడి ఇంటివాళ్లు కాబట్టి మీకు ఇది నచ్చుతుందనుకుంటాను.

మీ వీధి చర్చికి మళ్లీ వెళ్లినప్పుడు స్వరూపం పీఠం దగ్గర వంగి చూడండి. పాము నోట్లో పండు ఉందా, కింద భూగోళం ఉందా నెలవంక ఉందా, చేతులు దించి ఉన్నాయా జోడించి ఉన్నాయా? అనుమతి అడిగి ఒక ఫోటో తీసి ఇక్కడ పెడితే, ఏ నమూనా నుంచి వచ్చిందో దాదాపు చెప్పేయొచ్చు.